ఒక బోల్టు, ఎనిమిది అంకెలు: సుంకాల చర్చలకు అంబత్తూరు ఎలా సిద్ధపడింది

"మొత్తం బోల్టు, నట్టు పరిశ్రమను కాపాడవలసిందిగా కోరుతున్నాం." చెన్నై అంబత్తూరులోని ఒక చిన్న యూనిట్ల సంఘం కేంద్ర వాణిజ్య శాఖకు పంపాలని రాసుకున్న ఉత్తరంలో అసలు విషయం ఈ ఒక్క వాక్యమే. మిగతా పేజీన్నరలో మర్యాదలు, కష్టాలు. సంఘం కార్యదర్శి దాన్ని నాకు వాట్సాప్‌లో పంపి, "అన్నా, ఒకసారి చూడండి, మీరు సరేనంటే రేపే పంపించేస్తాం" అన్నారు. నేను సరే అనలేకపోయాను.

రాజాజీ సాలైలోని కస్టమ్స్ హౌస్ చుట్టూ పదిహేడేళ్లు బిల్ ఆఫ్ ఎంట్రీలు, అంటే దిగుమతి సరుకుల కస్టమ్స్ పత్రాలు, వేశాను. ఇప్పుడు చిన్న పరిశ్రమలకు ఎగుమతి, దిగుమతి వ్యవహారాల్లో సలహాలు ఇస్తున్నాను. ఒక దేశంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చర్చలు మొదలయ్యే ముందు ప్రభుత్వం ఈమెయిల్ పంపి పరిశ్రమల అభిప్రాయం అడిగింది. ఆ జవాబు తయారీలో, ఆ తర్వాతి సమావేశానికి సిద్ధపడటంలో ఈ సంఘంతో దాదాపు నెల రోజులు కూర్చున్నాను. చర్చలు ఇంకా నడుస్తున్నాయి, ఆ కాగితాలు గోప్యం. అందుకే దేశం పేరు, సంఘం పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. పని జరిగిన తీరు మాత్రం దాచకుండా రాస్తున్నాను. మనవాళ్లు నడిపే ఇలాంటి యూనిట్లు బెంగళూరు పీణ్యలో ఉన్నాయి, హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్నాయి, విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాయి. ఇలాంటి ఈమెయిల్ ఏదో ఒక రోజు వాళ్లకూ వస్తుంది.

ఎవరూ తెరవని ఎక్సెల్ షీటు

ఆ ఈమెయిల్‌కు ఒక ఎక్సెల్ షీటు జతచేసి ఉంది. ఎనిమిది అంకెల హెచ్‌ఎస్ కోడ్ (సుంకం కోసం ప్రతి సరుకుకూ ఇచ్చే సంఖ్య), సరుకు వివరణ, ఇప్పుడున్న సుంకం, సుంకం తగ్గితే దెబ్బ ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా, దానికి కారణం, అవతలి దేశం నుంచి మనం ఏం అడగాలి. ఇవీ అందులో గడులు. గడువు 15 రోజులు. సంఘంలో ఒక్కరూ ఆ షీటు తెరవలేదు. ఉత్తరం గట్టిగా రాస్తే చాలనుకున్నారు.

అందరినీ ఒక ఆదివారం సంఘం హాల్లో కూర్చోబెట్టాను. అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్ మొదలైన తొలినాళ్లలో నెల్లూరు నుంచి వచ్చి లేత్ మిషన్ మీద పని నేర్చుకున్న పెద్దాయన ముందు వరసలో ఉన్నారు. ఆయన నన్ను సూటిగా అడిగారు: "నాయనా, 2004లో థాయిలాండుతో 82 వస్తువులన్నారు. 2010 జనవరి ఒకటో తేదీన కొరియా, ఆసియాన్ రెండూ ఒకే రోజు వచ్చి పడ్డాయి. అప్పుడు మా గడప తొక్కి అడిగినోళ్లు లేరు. ఇప్పుడు అడుగుతున్నారంటే ఎట్లా నమ్మేది?"

అవన్నీ మనం చేసుకున్న పాత సుంకాల ఒప్పందాలు, ఆసియాన్ అంటే ఆగ్నేయాసియా దేశాల కూటమి. ఆయన చెప్పిన తేదీలన్నీ నిజమే. అందుకే ఢిల్లీలో పని ఎలా జరుగుతుందో ముందు అక్కడి నుంచి చెప్పాల్సి వచ్చింది.

రెండు దేశాల ప్రతినిధులు ఎదురెదురుగా కూర్చునే సరికే సగం పని అయిపోయి ఉంటుంది. ముందు ఉమ్మడి అధ్యయనం చేస్తారు, తర్వాత ఏ ఏ విషయాలు మాట్లాడుకోవాలో రాసుకుంటారు. మన తరఫున వాణిజ్య శాఖ ముందుంటుంది. కానీ సుంకం వసూలు చేసేది రెవెన్యూ శాఖ. ఉక్కుకు ఒక మంత్రిత్వ శాఖ, వాహనాల భాగాలకు ఇంకొకటి, పాలకు మరొకటి ఉన్నాయి. ప్రతి శాఖా తన పరిధిలోని సరుకుల మీద అభిప్రాయం ఇవ్వాలి. వాణిజ్య గణాంకాలు చూసే, కోల్‌కతాలోని డీజీసీఐ అండ్ ఎస్ కార్యాలయం నుంచి కొన్నేళ్ల దిగుమతి లెక్కలు తెప్పిస్తారు. అవతలి దేశం ఆ సరుకును ప్రపంచానికి ఎంత అమ్ముతోంది, మనకు ఎంత అమ్ముతోంది అని చూస్తారు. మనకు ఇప్పుడు తక్కువే అమ్ముతున్నా, బయట బాగా అమ్మగలిగిన దేశమైతే సుంకం పోగానే మన మీదికి వస్తుంది. ఆర్థికవేత్తలు ప్రపంచ బ్యాంకు వాణిజ్య సమాచార వెబ్‌సైట్ విట్స్‌లో ఉండే స్మార్ట్ అనే లెక్కల మోడల్ లాంటివి నడిపి, సుంకం ఇంత తగ్గితే దిగుమతి ఇంత పెరుగుతుందని అంచనా కడతారు.

ఇక్కడే చిన్న పరిశ్రమకు చిక్కు మొదలవుతుంది. హెచ్‌ఎస్ కోడ్‌లో మొదటి ఆరు అంకెలే ప్రపంచమంతటికీ ఉమ్మడి, చివరి రెండు మన దేశానివి. మోడళ్లు సాధారణంగా ఆరు అంకెల దగ్గరే ఆగిపోతాయి. ఆ కోడ్ లోపల ఏ సరుకు ఎవరి పొట్ట నింపుతోందో వాటికి తెలియదు. ఆ సంగతి చెప్పగలిగింది యూనిట్లో మిషన్ దగ్గర పనిచేసేవాడు ఒక్కడే.

ఇంకో మాట కూడా ఆ రోజు స్పష్టంగా చెప్పాను. మన టారిఫ్‌లో, అంటే సుంకాల పట్టికలో, సుమారు 12,000 లైన్లు ఉన్నాయి, ఒక్కో ఎనిమిది అంకెల కోడ్ ఒక్కో లైను. ప్రపంచ వాణిజ్య నియమాలకు మూలమైన గాట్ ఒప్పందం 24వ అధికరణం ప్రకారం స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో దాదాపు మొత్తం వ్యాపారం మీద సుంకాలు ఎత్తేయాలి. వర్ధమాన దేశాలు తమలో తాము చేసుకునే ఒప్పందాలకు కొంత వెసులుబాటు ఉంది, అంతే. కాబట్టి మొత్తం లైన్లలో ఎంత శాతం మినహాయించుకోవచ్చో ముందు పైస్థాయిలో తేలుతుంది, ఆ తర్వాతే శాఖలు పంచుకుంటాయి. పది శాతం అనుకుంటే 1,200 లైన్లు. పాల ఉత్పత్తులు, ధాన్యాలు, అలాంటివి తమ చోటు ముందే తీసుకుంటాయి. ఆసియాన్ ఒప్పందంలో మన మినహాయింపు జాబితాలో 489 వస్తువులున్నాయి. ఆ జాబితాలో చోటు అంత ఖరీదైనది. "మొత్తం పరిశ్రమ" అని రాస్తే ఏ అధికారి దాన్ని ఏ గడిలో పెట్టగలడు?

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే కోడ్ చెప్పు నాయనా, రాసుకుంటాం" అన్నారు.

7318 15 00

వాళ్లు చేసే సరుకులో ముప్పాతిక వంతు ఈ ఒక్క కోడ్‌లోనే పడుతుంది. ఇతర స్క్రూలు, బోల్టులు, నట్టు వాషర్ ఉన్నా లేకపోయినా, అని దాని అర్థం. హార్డ్‌వేర్ షాపులో కిలోల లెక్కన తూచి ఇచ్చే మామూలు హెక్స్ బోల్టు, కారు ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్‌ను పట్టి ఉంచే 12.9 క్లాస్ బోల్టు, రెండూ అదే కోడ్. క్లాస్ అంటే బోల్టు బలాన్ని చెప్పే అంకె, అది పెరిగితే బలం ఎక్కువ. ఒకటి మనవాళ్లు కళ్లు మూసుకుని చేస్తారు. రెండోది చేయగల యూనిట్లు ఈ సంఘంలో మూడే.

ఇద్దరు సభ్యులు తమ ఇన్వాయిస్‌లలో ఏళ్ల తరబడి 8708 అని, అంటే వాహన భాగాలు అని, రాస్తూ వస్తున్నారు. కారు కంపెనీకి ఇస్తున్నాం కాబట్టి కారు భాగమే కదా అన్నది వాళ్ల లెక్క. టారిఫ్‌లో 17వ సెక్షన్ నోట్ 2 చదివి వినిపించాను. సాధారణ వాడకపు భాగాలు, అంటే బోల్టు, నట్టు, స్ప్రింగు లాంటివి, బండిలోకి వెళ్లినా సరే వాహన భాగాల కిందికి రావు. తప్పు కోడ్ వల్ల పన్ను గొడవలు ఎలాగూ వస్తాయి, దాన్ని వాళ్ల ఆడిటర్ చూసుకుంటారు. నా బాధ వేరు. వాళ్ల ఉత్పత్తి ప్రభుత్వ లెక్కల్లో వేరే చోట కనిపిస్తోంది. 7318లో ఇక్కడ ఎంత తయారవుతోందో చూసే అధికారికి వీళ్లు లేనట్టే.

పెద్దాయన అన్న కూతురు మెటలర్జీ చదువుకుంది, తండ్రి నడిపిన హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్‌ను ఇప్పుడు తనే చూసుకుంటోంది. ఆ రోజు హాల్లో అందరికన్నా సరైన మాట ఆ అమ్మాయే అంది: "చిన్నాన్నా, మనం ఏ బోల్టు ఎంత చేస్తున్నామో మన దగ్గరే కాగితం మీద లేదు. ఇంక ఢిల్లీకి ఏం చెప్తాం?"

ఒక పేజీ ఫారం తెలుగులో, తమిళంలో తయారుచేశాం. సైజు, క్లాస్, కిలో అమ్మకం ధర, కిలోకు వైర్ రాడ్ (బోల్టు చేసే సన్నటి ఉక్కు కడ్డీ) ఖర్చు, కరెంటు, ప్లేటింగ్, పనివాళ్ల సంఖ్య. చివర ఒక ప్రశ్న: దిగుమతి సరుకు వల్ల ఏ ఆర్డర్ పోయింది, ఎప్పుడు, ఎంత తేడాతో? 42 మంది సభ్యుల్లో 31 మంది నింపి ఇచ్చారు. మిగతావాళ్లకు ధరలు బయటపడతాయని భయం. అది తప్పని నేను అనను, పక్క షెడ్డువాడే పోటీదారు. అందుకే కాగితాలన్నీ ఆ అమ్మాయి ఒక్కతే చూసేలా, సంఘానికి మొత్తాలు మాత్రమే వెళ్లేలా ఏర్పాటు చేశాం.

దిగుమతి వైపు మాకున్నది అందరికీ దొరికే లెక్కే: విలువ, బరువు. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే కిలోకు సగటు ధర వస్తుంది. కానీ చవక బోల్టు, ఖరీదైన బోల్టు ఒకే కోడ్‌లో కలిసిపోయినప్పుడు ఆ సగటు ఎవరి కథా చెప్పదు. అయినా కిలో ధర అనే కొలత పనికిరానిది కాదు. 2024 జనవరిలో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) కొన్ని రకాల స్క్రూలు కిలో 129 రూపాయల కన్నా తక్కువ ధరకు దిగుమతి కాకుండా నిషేధించింది. సుంకంతో ఆగని చవక సరుకును ప్రభుత్వం ఆ కొలతతోనే పట్టుకుంది.

సంఘం లోపలే రెండు పక్షాలు

ఇలాంటి కేసుల్లో ఎవరూ రాయని భాగం ఇదే అనుకుంటాను. రెండో ఆదివారం గొడవైంది. సభ్యుల్లో ఒకరు 10.9, 12.9 క్లాస్ బోల్టులు దిగుమతి చేసుకుని, ఇక్కడ పూత వేయించి, ప్యాక్ చేసి వాహన కంపెనీలకు ఇస్తారు. ఆయన లేచి, "సుంకం సున్నా అయితే నాకు మంచిదే గదా. నేనెందుకు సంతకం పెట్టాలి? నా దగ్గరా నలభై మంది పనిచేస్తున్నారు" అన్నారు. వెనక నుంచి ఎవరో గట్టిగా కేకలేశారు. ఆయన కుర్చీ వెనక్కి నెట్టి బయటికి నడవబోయారు.

పెద్దాయనే ఆపారు. నేను చెప్పింది ఒక్కటే: ప్రభుత్వం లోపల కూడా సరిగ్గా ఇదే గొడవ ఉంటుంది. తయారుచేసేవాడు సుంకం కావాలంటాడు, వాడేవాడు వద్దంటాడు. మనం ఒక పక్షాన్ని దాచి పంపితే, ఆ పక్షం తన ఉత్తరం తనే వేరుగా పంపుకుంటుంది. అప్పుడు అధికారి రెండూ పక్కన పడేస్తాడు. ఇక్కడే తేల్చుకుని పంపితే దానికి బరువుంటుంది.

ఆ సాయంత్రం మూడు జాబితాలు తయారయ్యాయి. 8.8 క్లాస్ వరకు మామూలు బోల్టుల మీద సుంకం తగ్గించవద్దు. 10.9 మీద పదేళ్లలో మెల్లగా తగ్గించవచ్చు. 12.9, ప్రత్యేక మిశ్రమ లోహాల బోల్టుల మీద మొదటి రోజే ఎత్తేసినా మాకు అభ్యంతరం లేదు. మూడో దాని దగ్గర కొందరు ముఖం చిట్లించారు. కానీ ఏదీ ఇవ్వం అంటే ఏదీ దక్కదు.

అయితే మూడూ ఒకే కోడ్‌లో ఉన్నాయే? చివరి రెండు అంకెలు మనవే కాబట్టి 7318 15 00ను మూడు లైన్లుగా విడదీయమని అడగాలని నిర్ణయించాం. కోడ్ విడదీస్తే రేవులో అధికారి తేడా ఎలా పట్టుకుంటాడు అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. జవాబు బోల్టు తల మీదే ఉంది. ఐఎస్ఓ 898-1 ప్రమాణం ప్రకారం 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన హెక్స్ బోల్టుల తల మీద 8.8 అనో 10.9 అనో ముద్ర ఉండాలి. కంటితో చూస్తే చాలు. ఇన్నేళ్ల అనుభవంలో ఇంత తేలికగా తనిఖీ చేయగల విభజన నాకు ఎక్కువగా తగల్లేదు.

ముడిసరుకు సుంకంతో కలిపి చూస్తే

బోల్టు మీద 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో సుంకం 10 నుంచి 15 శాతానికి పెరిగింది. అదే బడ్జెట్‌లో ఉక్కు కడ్డీలు, వైర్ రాడ్ లాంటి వాటి మీద 7.5 శాతానికి తగ్గించారు. సభ్యులందరూ 15 అన్న అంకె గురించే మాట్లాడారు. నాకు 7.5 అన్నది ఎక్కువ కలవరం కలిగించింది.

లెక్క తేలిక కోసం ఒక ఉదాహరణ. ప్రపంచ ధరలో కిలో బోల్టు 200 రూపాయలు, అందులో వైర్ రాడ్ 110 అనుకుందాం. అంటే మనిషి, మిషన్, కొలిమి చేసే పని విలువ 90. బోల్టు మీద 15 శాతం ఉంటే ఇక్కడ ధర 230 దాకా వెళ్లగలదు. వైర్ రాడ్ 7.5 శాతంతో 118 రూపాయల పావలా. మిగిలేది 111 రూపాయల ముప్పావలా. 90తో పోలిస్తే అది 24 శాతం ఎక్కువ, అంటే పని విలువ మీద 24 శాతం రక్షణ. ఇప్పుడు ఒప్పందంలో బోల్టు సున్నా అయి, వైర్ రాడ్ 7.5 దగ్గరే ఉండిపోయిందనుకోండి. 200లోంచి 118 రూపాయల పావలా తీసేస్తే 81 రూపాయల ముప్పావలా. 90 రావాల్సిన చోట అంత తక్కువ. రక్షణ లేకపోవడం ఒక్కటే కాదు, మన ప్రభుత్వ సుంకమే మన బోల్టువాడిని 9 శాతం వెనక్కి లాగుతోంది. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు హాలు నిశ్శబ్దమైపోయింది. కాబట్టి బోల్టు తగ్గితే వైర్ రాడ్ కూడా తగ్గాలి, లేదా రెండూ కలిసి నెమ్మదిగా తగ్గాలి అని రాశాం.

ముడిసరుకు, తయారైన సరుకు మధ్య తేడా చెడితే ఏమవుతుందో మనకు పామాయిల్ చూపించింది. ఆసియాన్ ఒప్పందంలో ముడి పామాయిల్ 37.5 శాతానికి, శుద్ధి చేసింది 45 శాతానికి దిగాలి. 2019 జనవరిలో మలేసియా శుద్ధి నూనె మీద సుంకం 45కి పడింది, ముడి నూనె మీద 40. మధ్య తేడా అయిదే మిగిలింది. శుద్ధి నూనె వెల్లువెత్తింది. ఇక్కడి రిఫైనరీలు మొరపెట్టుకున్నాక ఆ సెప్టెంబర్‌లో అదనంగా 5 శాతం వేశారు, 2020 జనవరిలో శుద్ధి నూనె దిగుమతినే పరిమితుల జాబితాలోకి మార్చారు. కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీల్లో పనిచేసిన వాళ్లకు ఆ ఏడాది టెన్షన్ బాగా గుర్తుంటుంది.

మూల రేటు గురించీ ఒక పేరా చేర్చాం. ఏ తేదీన ఉన్న సుంకం నుంచి తగ్గింపు మొదలవుతుంది అన్నదే అది. 15 నుంచి పది సమాన వాయిదాల్లో తగ్గితే మొదటి ఏడు 13.5. మూల తేదీ 2021 పెంపు కన్నా వెనక్కి జరిగి 10 నుంచి మొదలైతే మొదటి ఏడే 9. ఆసియాన్, చైనా, జపాన్ లాంటి దేశాలతో జరిగిన ఆర్‌సెప్ ఒప్పందం చర్చల్లో మూల సంవత్సరం 2014 అని ఉంటే, ఆ తర్వాత మనం చాలా సుంకాలు పెంచాం కాబట్టి 2019కి మార్చమని భారత్ అడిగింది. 2019 నవంబర్ 4న మనం ఆ ఒప్పందం నుంచి తప్పుకోవడం వెనక ఉన్న అంశాల్లో అదీ ఒకటి.

ఒక సభ్యుడు, ప్రపంచ వాణిజ్య సంస్థలో మనకు ఇంకా పైకి పెంచుకునే చోటు ఉందట కదా అని అడిగాడు. ఆ గరిష్ఠ పరిమితి బౌండ్ రేటు, మనం నిజంగా వేసేది దానికన్నా తక్కువ. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో లెక్క నిజంగా వేసే సుంకం మీదే.

మూల దేశం నిబంధన, అంటే సరుకు ఏ దేశంలో తయారైనట్టు లెక్క అని తేల్చే నియమం, మీద మా కోరిక చిన్నది. వైర్ రాడ్ 72వ అధ్యాయం, బోల్టు 73. కోడ్ మారితే చాలు అన్న నిబంధన పెడితే, అవతలి దేశం మూడో దేశపు వైర్ రాడ్ తెచ్చి, బోల్టు కొట్టి, సున్నా సుంకంతో మనకు పంపవచ్చు. అందుకే కోడ్ మార్పుతో పాటు స్థానిక విలువ జోడింపు కూడా ఉండాలని రాశాం. ఆసియాన్ ఒప్పందంలో 35 శాతం ఉంది.

నాలుగు నిమిషాలు

సంప్రదింపుల సమావేశం చెన్నైలోనే జరిగింది. ఒక్కో సంఘానికి నాలుగు నిమిషాలు. మాట్లాడింది ఆ అమ్మాయి. కోడ్, మూడు జాబితాలు, బోల్టు తల మీద ముద్ర, 24 శాతం మైనస్ 9 అయ్యే లెక్క. అధికారి తల పైకెత్తి చూసింది ఆ లెక్క దగ్గరే. ఆయన మూడు ప్రశ్నలు వేశారు. పాత ఒప్పందాల తర్వాత మీ ఉత్పత్తి ఏమైంది? మీలో ఆడవాళ్లు ఎంతమంది పనిచేస్తున్నారు? అవతలి దేశం నుంచి మీకేం కావాలి?

మొదటి రెండింటికి జవాబు ఉంది. మూడో దానికి లేదు. నెల రోజులూ కాపాడుకోవడం గురించే ఆలోచించాం, అమ్ముకోవడం గురించి కాదు. అది నా తప్పే, ఆ గడి షీటులో మొదటి నుంచీ ఉంది. ప్రభుత్వం బల్ల దగ్గర ఏదైనా ఇవ్వాలంటే బదులుగా అడగడానికి ఏదో ఉండాలి. వారం గడువు అడిగి తిరిగి చూస్తే, ఆ దేశంలో బోల్టుల మీద సుంకం ఇప్పటికే చాలా తక్కువ. అడ్డు సుంకం కాదు, పరీక్ష. మన ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను అక్కడి కొనుగోలుదార్లు ఒప్పుకోరు, మళ్లీ అక్కడే పరీక్ష చేయించాలి, చిన్న ఆర్డర్‌లో లాభమంతా దానికే పోతుంది. మన గుర్తింపు పొందిన ల్యాబుల నివేదికలను అంగీకరించమని రెండు పేజీల అనుబంధం పంపాం.

అమెరికాలో 1974 వాణిజ్య చట్టం కింద ఈ పని ఒక క్రమంలో జరుగుతుంది. సుంకాలు తగ్గిస్తే ఏ పరిశ్రమ మీద ఏ ప్రభావమో అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ముందుగా సలహా ఇస్తుంది, పరిశ్రమల సలహా కమిటీలు శాశ్వతంగా ఉంటాయి. ఇక్కడా అలాంటి కమిటీల్లో పెద్ద కంపెనీల పక్కన చిన్న యూనిట్లకు ఒక కుర్చీ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 15 రోజుల్లో కాగితాలు వెతుక్కునే పరిస్థితిలో న్యాయమైన వాదన కూడా ఓడిపోతుంది.

సమావేశం అయిన అయిదు వారాలకు ఒక ప్రశ్న వచ్చింది: కోడ్ విభజన అమలు సాధ్యమని ఆధారం చూపండి. మూడు క్లాసుల బోల్టు తలల ఫోటోలు, ముద్ర లేకుండా వచ్చిన సరుకు మీద ఏం చేయాలో ఒక పేజీ వివరణ పంపాం. వైర్ రాడ్ సంగతి ఇంకా తేలలేదు. దాని మీద ఈసారి స్ప్రింగులు చేసేవాళ్లను, మేకుల తయారీదార్లను కూడా కలుపుకుని మళ్లీ రాస్తున్నాం. ఒక పేజీ ఫారం ఇప్పుడు ప్రతి మూడు నెలలకూ నింపుతున్నారు. పోయినసారి 36 వచ్చాయి. దిగుమతులు చేసే ఆయనదీ అందులో ఉంది.